గిటారు ఆయన కొనిచ్చాడు సరే, పాట ఎవరు రాశారు?

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు బాపుకు ఒక ఇంగ్లీషు సినిమా చూపించాను. బాపు గోదావరిఖనిలో ముప్ఫై నాలుగేళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంగ్లీషు రాదు, కింద వచ్చే అక్షరాలు చదివే ఓపికా లేదు. పక్కన కూర్చుని నేనే మాట మాటకీ చెబుతూ పోవాలి. సినిమా పేరేంటని అడిగితే "బొగ్గుబాయి కార్మికుని బిడ్డ" అన్నాను. "అంటే నీ కథనేనా?" అని నవ్వి, కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నాడు. అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది, చూస్తున్నట్టూ చూడనట్టూ.

ఆ సినిమా కోల్ మైనర్స్ డాటర్. 1980లో వచ్చింది. కంట్రీ అనే అమెరికా పల్లె సంగీతం పాడే గాయని లొరెట్టా లిన్ జీవితకథ. మైకేల్ ఆప్టెడ్ డైరెక్టరు, సిస్సీ స్పేసెక్ హీరోయిన్. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, స్పేసెక్‌కు ఉత్తమ నటి అవార్డు దక్కింది. 2019లో అమెరికావాళ్ళు భద్రంగా దాచుకోవాల్సిన సినిమాల జాబితాలో, అంటే తమ నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో కూడా చేర్చుకున్నారు. నాకు చాలా ఇష్టమైన సినిమా ఇది, బాపుతో చూసింది నాలుగోసారి. ఇష్టమైన సినిమాతో గొడవ పడటమే నాకు అలవాటు కాబట్టి ఈ పోస్టు పొగడ్తతో మొదలై ఎక్కడికి పోతుందో మీరే చూడండి.

ముందు పొగడ్త. పేదరికంలోంచి పైకి వచ్చిన మనిషి కథ అనగానే మన సినిమాల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒక గుడిసె, ఒక దగ్గే తల్లి, ఒక వాన, చిల్లు పడ్డ కప్పు కింద గిన్నె, పావుగంటలో పిల్లాడు పెద్దవాడై రైలెక్కేస్తాడు. పేదరికం అక్కడ టికెట్ లాంటిది, ఒకసారి చించాక మళ్ళీ దానితో పని లేదు. ఈ సినిమా అలా కాదు. కెంటకీ రాష్ట్రంలో జాన్సన్ కౌంటీ, వాన్ లియర్ అనే బొగ్గు ఊరు, దాని వెనక కొండల సందులో బుచర్ హాలో. హాలో అంటే రెండు కొండల మధ్య ఇరుకు లోయ, అక్కడివాళ్ళు "హాలర్" అంటారు. అక్కడే సినిమా తీరిగ్గా కూర్చుండిపోతుంది. ఎనిమిది మంది పిల్లలు, తండ్రి టెడ్ వెబ్ బొగ్గు గనిలో పని, మిగిలిన పొద్దు చెలకలో పని. వాన్ లియర్ ఊరే బొగ్గు కంపెనీ కట్టింది. కన్సాలిడేషన్ కోల్ కంపెనీ గని తవ్వి, ఇళ్ళు వేసి, దుకాణం పెట్టి, తమ డైరెక్టర్లలో ఒకాయన పేరే ఊరికి పెట్టుకుంది. కంపెనీ క్వార్టర్లో పుట్టి, కంపెనీ బడిలో చదివి, కంపెనీ ఆస్పత్రిలో టీకాలు వేయించుకున్న నాకు ఇదేమీ వింతగా అనిపించలేదు. నల్లా నీళ్ళు కూడా కంపెనీ వదిలినప్పుడే వచ్చేవి మాకు.

ఆ భాగం అంత నిజంగా ఉండటానికి కారణం నటులని నా నమ్మకం. తండ్రిగా వేసింది లీవాన్ హెల్మ్. నటుడు కాదు, ద బ్యాండ్ అనే పేరున్న రాక్ బృందంలో డ్రమ్మరు, గాయకుడు, అర్కాన్సాలో పత్తి పండించుకునే ఇంట్లో పుట్టినవాడు. మొదటి సినిమా. తల్లిగా వేసిన ఫిలిస్ బోయెన్స్ కూడా నటి కాదు, జానపద గాయని, ఆమె తండ్రి నిమ్రాడ్ వర్క్‌మన్ గని కార్మికుడు, పాటగాడు కూడా. డైరెక్టరేమో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి, అక్కడ ఏడేళ్ళ పిల్లల్ని ఎంచుకుని ఏడేళ్ళకోసారి వాళ్ళ జీవితం ఏమైందో చూపించే డాక్యుమెంటరీ వరుసను ఏళ్ళ తరబడి తీసినవాడు. పుట్టిన ఇల్లు మనిషిని ఎంతదూరం పోనిస్తుంది అనేదే ఆయన పని మొత్తం. అందుకేనేమో పేదవాళ్ళని చూసి జాలిపడడు, పరాచికాలూ ఆడడు. వాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తాడంతే.

లీవాన్ హెల్మ్ తెర మీదికి వచ్చిన కాసేపటికి బాపు అన్నాడు, "ఈయన పనోడే." ఎట్ల తెలుసు బాపూ అంటే, "నిలబడుడు చూడు, నడుం ఎట్ల పెట్టిండో" అన్నాడు. గనిలో పైకప్పు తలకి తగులుతుందని వంగీ వంగీ పనిచేసినవాళ్ళు బయటికి వచ్చాక కూడా పూర్తిగా నిటారుగా నిలబడరు, మెడ కొద్దిగా ముందుకే ఉంటుంది. బాపు కూడా అంతే, పెళ్ళి ఫోటోల్లో తప్ప. ఇంకోటి కూడా చూశాను ఆ పూట, సినిమాలో కాదు, ఇంట్లో. బాపు రిటైరై ఇన్నేళ్ళయినా కంటి రెప్పల అంచున ఒక సన్నటి నల్ల గీత ఉంది, కాటుక పెట్టుకున్నట్టు. చిన్నప్పుడు ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, లైఫ్‌బాయ్ సబ్బుతో రుద్ది రుద్ది స్నానం చేసి, అన్నం ముందు కూర్చున్నాక కూడా ఆ గీత ఉండేది. మా క్లాసులో ఒకమ్మాయి "మీ బాపు కాటుక పెట్టుకుంటడా?" అని అడిగితే ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. టీవీ వెలుగులో అది ఇంకా అక్కడే ఉందని ఇన్నాళ్ళకి గమనించాను.

జీపు సీను దగ్గర మాత్రం బాపు పకపకా నవ్వాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాడు ఒకడు, డూలిటిల్ లిన్, గని పక్కన పోసిన రాళ్ళ గుట్ట మీదికి జీపు ఎక్కిస్తానని పందెం కాస్తాడు. ఎక్కిస్తాడు కూడా. "మన ఓబీ గుట్టల మీదికి గిట్ల మోటార్‌సైకిల్ ఎక్కిచ్చినోడు ఉండె మా బ్యాచ్‌ల," అని (ఓబీ అంటే బొగ్గు మీద నుంచి తవ్వి పోసిన మట్టి) బాపు ఒక పేరు చెప్పి, వాడు తర్వాత ఏమయ్యాడో కూడా చెప్పాడు. అది ఇక్కడ వద్దు. టామీ లీ జోన్స్ వేశాడు ఆ పాత్ర, ఎర్రటి జుట్టుతో. ఎంత బాగా చేశాడంటే, మనిషి మీద కోపం తెచ్చుకోవాల్సిన చోట కూడా మనకి కోపం రాదు. నా గొడవ ఇక్కడి నుంచే మొదలు.

కథ ప్రకారం లొరెట్టాకు పదమూడేళ్ళప్పుడు అతనితో పెళ్ళవుతుంది. ఊళ్ళో వేలంపాట పెట్టి ఆడపిల్లలు చేసిన తీపి పదార్థాలు అమ్ముతుంటే, ఆమె చేసింది డూలిటిల్ కొంటాడు, తింటే అందులో చక్కెర బదులు ఉప్పు. ముచ్చటైన సీనే. కానీ ఆ పదమూడు నిజం కాదు. 1976లో వచ్చిన ఆమె ఆత్మకథలోనూ అలాగే ఉండేది, సినిమా అదే పట్టుకుంది, ముప్ఫై ఏళ్ళకు పైగా అందరూ అదే నమ్మారు. 2012లో విలేఖరులు పుట్టిన తేదీ పత్రాలు బయటికి తీస్తే తేలింది: పుట్టింది 1932 ఏప్రిల్ 14, పెళ్ళి 1948 జనవరి 10. అంటే పదిహేనేళ్ళు నిండి పదహారు నడుస్తున్నాయి. అతనికి ఇరవై ఒకటి.

ఎవరైనా "ఓహో, అబద్ధం చెప్పింది" అంటే నేను దాని గురించి మాట్లాడను, పేరున్న ఆడవాళ్ళు వయసు తగ్గించుకోవడం మనకి తెలియని విషయమా. నాకు పట్టింది సినిమా ఆ వయసుతో ఏం చేసిందనేది. పదమూడేళ్ళ పిల్ల అని చెబుతూ, ముప్ఫైకి దగ్గర్లో ఉన్న స్పేసెక్‌ను మన ముందు పెట్టింది. స్పేసెక్ గొప్పగా చేసింది, భుజాలు ముడుచుకోవడం, గోరు కొరకడం, అన్నీ. అయినా కంటికి కనిపించేది పెద్దమనిషే కదా. మొదటి రాత్రి సీనులో ఆ పిల్ల భయపడుతుంది, అతను ఆగడు, తెల్లారాక సినిమా దాన్ని సగం తమాషాగా దాటేస్తుంది. నిజంగా పదమూడేళ్ళ పిల్లని చూపించి ఉంటే ఒక్క ప్రేక్షకుడు కూడా డూలిటిల్‌ను క్షమించేవాడు కాదు, సినిమా అక్కడే చచ్చిపోయేది. చెవికి పదమూడు, కంటికి ముప్ఫై. దీన్ని నేను దొంగ లెక్క అంటాను. ఆ సీను వచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మకు పెళ్ళయ్యేనాటికి పదహారు.

తర్వాత టెడ్ అల్లుణ్ణి రెండే అడుగుతాడు, పిల్లని కొట్టొద్దు, దూరం తీసుకుపోవద్దు. అల్లుడు సరేనంటాడు. రెండూ తప్పుతాడు. రైలు స్టేషన్‌లో తండ్రి కూతురికి వీడ్కోలు చెప్పే సీను గురించి ఎన్నిసార్లు చూసినా నాకు రాయడం చేతకాదు. ఇక నిన్ను చూడనేమో అంటాడు ఆయన, నిజంగానే మళ్ళీ చూడడు. బాపు అప్పుడు మంచినీళ్ళకి లేచాడు. పక్కనే నిండు చెంబు ఉంది.

అక్కడి నుంచి దేశానికి ఆ చివర, వాషింగ్టన్ రాష్ట్రంలో కస్టర్ అనే చోటు. ఇరవై నిండకముందే ఒళ్ళో ఒకరు, చంకలో ఒకరు. ఆమె పిల్లలకు పాడుతుంటే విన్న డూలిటిల్ 1953 ప్రాంతంలో సియర్స్ కంపెనీ నుంచి 17 డాలర్ల హార్మొనీ గిటారు తెచ్చిచ్చాడు. నువ్వు బాగా పాడతావ్, స్టేజీ ఎక్కు అన్నాడు. ఎక్కనంటే ఊరుకోలేదు. 1960లో జీరో రికార్డ్స్ అనే చిన్న కంపెనీ ఆమె మొదటి రికార్డు "ఐయామ్ ఏ హాంకీ టాంక్ గర్ల్" వేసింది. దాన్ని పట్టుకుని మొగుడూ పెళ్ళాలిద్దరూ కారులో పడుకుంటూ, రొట్టె మధ్య చౌకరకం మాంసం ముక్క పెట్టుకుని తింటూ ఒక్కో రేడియో స్టేషన్ తలుపూ తట్టుకుంటూ పోయారు. మా పాట వేయండి సార్ అని. ఆ పాట బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ పాటల జాబితాలో 14వ స్థానం దాకా వెళ్ళింది. అదే ఏడాది అక్టోబర్ 15న ఆమె నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీలో పాడింది. బుచర్ హాలోలో బ్యాటరీ రేడియో ముందు కూర్చుని శనివారం రాత్రులు ఇంటిల్లిపాదీ విన్న ప్రోగ్రామ్ అది. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం పాటలు విని పెరిగిన పిల్ల ఒకరోజు అదే మైకు ముందు నిలబడటం లాంటిది, కాకపోతే ఇక్కడ ఎదురుగా, ఆ ప్రోగ్రామ్ జరిగే రైమన్ ఆడిటోరియం నిండా జనం.

ఈ రేడియో స్టేషన్ల యాత్ర సినిమాలో చాలా హుషారుగా ఉంటుంది, నాకూ ఇష్టమే, బాపుకైతే మరీ. "మంచోడేనే, కష్టపడ్డడు పెండ్లాం కోసం" అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ అప్పుడు నోరు విప్పింది.

"మరి పిల్లలేరి?"

నాలుగోసారి చూస్తున్నాను నేను. ఇంత చదువు చదివి, సినిమాల మీద పేజీలకి పేజీలు రాసి, ఆ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నలుగురు పిల్లల తల్లి వారాల తరబడి రోడ్ల మీద ఉంటే ఆ పిల్లలకి అన్నం ఎవరు పెట్టారు? వాళ్ళ జ్వరాలు ఎవరు చూశారు? తెర మీద కనబడేది కారు, మొగుడు, పెళ్ళాం, రికార్డులు. పిల్లల్ని సాకిన చేతులు ఫ్రేములో లేవు. పైకి రావడం అనే కథలో ఎప్పుడూ ఇద్దరే ఉంటారు, ప్రతిభ ఉన్న మనిషి, దాన్ని కనిపెట్టిన మనిషి. మిగతావాళ్ళకి చోటు లేదు. మా ఇంట్లోనూ ఇదే తంతు. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు వాడకట్టు మొత్తం "బాపు బాయిల పడి సదివించిండు" అంది. నిజమే. ఇంజనీరింగ్ రెండో ఏడాది ఫీజు మాత్రం అమ్మ కుట్టుమిషన్ మీద వచ్చింది, జాకెట్టుకి పదిహేను రూపాయల చొప్పున కుట్టి. అది ఎవరికీ గుర్తులేదు, అమ్మ కూడా ఎన్నడూ ఎత్తదు.

ఇక అసలు గొడవ. ఈ సినిమా మొత్తంలో లొరెట్టా కూతురుగా ఉంటుంది, భార్యగా ఉంటుంది, గాయనిగా ఉంటుంది, రాసే మనిషిగా కనిపించేది చాలా తక్కువ. అలా చూసి బయటికొచ్చిన వాళ్ళకి ఏం అనిపిస్తుంది? గొంతు దేవుడిచ్చాడు, గిటారు మొగుడిచ్చాడు, పాట ఎక్కడినుంచో ఊడిపడింది. కానీ లొరెట్టా లిన్‌ను ఆ రోజుల్లో నాష్‌విల్‌లో ఉన్న పది మంది మంచి గాయనుల నుంచి వేరు చేసింది గొంతు కాదు, కాగితం. సినిమాకి పేరిచ్చిన పాట ఆమె ఒక్కతే రాసుకుంది. మొదటి రికార్డు పాట ఆమెదే. "యూ ఎయింట్ వుమన్ ఎనఫ్" ఆమెదే, ఆ పాట పుట్టిన తీరు ఆమె ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. కచేరీకి ముందు తెర వెనక్కి ఒకావిడ ఏడుస్తూ వచ్చి, నా మొగుడు ఇంకోదాన్ని వెంటేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు అంది. లొరెట్టా తెర సందులోంచి తొంగి చూసి, నీ మొగుణ్ణి లాక్కునేంత ఆడదేం కాదులే అది అంది. అని, గదిలోకి వెళ్ళి పది నిమిషాల్లో పాట రాసేసింది. ఒక్క నిమిషం ఆలోచించండి, సినిమావాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? ఏడుస్తున్న అభిమాని, తెర సందు, పెన్ను. జీపు గుట్టెక్కడానికి పట్టినంత సేపు చాలు.

ఆమె పాటలు ఆత్మకథల్లా ఉంటాయని అందరూ అంటారు. నాకు పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ మాట్లాడుకునే మాటల్లా ఉంటాయి. తాగొచ్చి మీద చెయ్యి వేస్తే ఊరుకోనని మొగుడికి చెప్పే పాట చెల్లెలితో కలిసి రాసింది, అది 1967లో ఆమె మొదటి నంబర్ వన్. నా మొగుడి జోలికి వస్తే పిడిగుద్దులే అని ఇంకో ఆడదానికి చెప్పే పాట. వియత్నాం యుద్ధం రోజుల్లో, 1966లో, సర్కారు తన మొగుణ్ణి పట్టుకుపోయిందని ఒక భార్య రాసే ఉత్తరం లాంటి పాట. విడాకులు తీసుకున్న ఆడదాన్ని లోకం చూసే చూపు మీద 1972లో ఇంకో పాట. వీటిల్లో ఒక్కటి కూడా పేదరికం గురించి కాదు, కానీ అన్నీ పేదరికంలోంచే వచ్చాయి, చాటుమాటుగా మాట్లాడే తీరిక లేని ఇళ్ళ నుంచి. లక్ష్యపెట్టాల్సిన పెద్దమనుషులు పక్క గదిలో లేని ఆడవాళ్ళు అలా మాట్లాడతారు. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏటి మేటి ఎంటర్‌టైనర్ అవార్డు ఆమెకిచ్చింది, అంతకుముందు ఏ ఆడమనిషికీ ఇవ్వలేదు. రాయగలిగిన ఆడది కాబట్టి ఇచ్చారు అంటాను నేను. కాదనేవాళ్ళు కామెంట్లలో రండి.

అన్యాయంగా మాట్లాడుతున్నానేమో కూడా చూసుకోవాలి. లొరెట్టా బతికున్నంత కాలం చెప్పిన మాట, డూ, అంటే డూలిటిల్, లేకపోతే తను లేదని. స్పేసెక్‌ను ఏరికోరి ఎంచుకున్నదీ ఆమే, ఫోటోల దొంతరలోంచి ఒక ఫోటో తీసి ఈ పిల్లే అని బయట చెప్పేసింది, స్పేసెక్ ఇంకా ఒప్పుకోకముందే. తర్వాత స్పేసెక్ ఆమె వెంట తిరిగి, ఆమె యాస పట్టి, పాటలన్నీ సొంత గొంతుతో పాడింది. లొరెట్టా పాటల్ని మలిచిన ఓవెన్ బ్రాడ్లీయే సినిమా పాటలకీ పనిచేశాడు. అంటే ఇది బయటివాళ్ళు దొంగచాటుగా తీసిన కథేం కాదు, ఆమె ఒప్పుకున్న కథ. సరే. అయినా డూ బతికున్నప్పుడు చెప్పిన కథ వేరు. 1996లో ఆయన పోయాక, 2002లో ఆమె ఇంకో పుస్తకం తెచ్చింది, అందులో తాగుడు, దెబ్బలు, ఇతర ఆడవాళ్ళు, అన్నీ ముందుకన్నా విప్పి చెప్పింది. అతను ఒకటి వేస్తే తను రెండు వేశానని నవ్వుతూ చెప్పేది కూడా. మా అమ్మమ్మ కూడా తాత గురించి ఇలాగే నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వుని నేను చిన్నప్పుడు నవ్వే అనుకున్నాను.

సినిమా వదిలేసింది ఇంకోటి కూడా ఉంది, ఇది బొగ్గు ఊరి పిల్లగా నాకు ఇంకా గట్టిగా తగిలింది. తండ్రి చావుకి లొరెట్టా తిరిగి వచ్చేది ఆ లోయ ఇంటికే. ఆ ఇల్లు అలాగే ఉంది, ఆ కొండ అలాగే ఉంది. నిజానికి టెడ్ వెబ్ 1959లో పోయాడు, అప్పటికే ఆ కుటుంబం బొగ్గు పని పోయి, బతుకుదెరువు కోసం ఇండియానా రాష్ట్రంలో వాబాష్ అనే ఊరికి వలసపోయింది. లొరెట్టా చిన్న చెల్లెలు, తర్వాత క్రిస్టల్ గేల్ పేరుతో తనూ పెద్ద గాయని అయిన ఆమె, పెరిగింది అక్కడే. యంత్రాలు వచ్చి, బొగ్గుకి గిరాకీ తగ్గి, ఆ కొండల నుంచి లక్షల మంది ఉత్తరాది ఫ్యాక్టరీ ఊళ్ళకి పోయిన రోజులవి. సినిమా ఆ లోయను ఫోటో ఫ్రేములో పెట్టినట్టు అట్టే పెట్టింది, ఎదిగిన కూతురు తిరిగి చూసుకోవడానికి వీలుగా. పుట్టిల్లు ఎప్పుడూ అక్కడే ఉంటుందని పట్నం పోయినవాళ్ళందరికీ ఒక భ్రమ ఉంటుంది. నాకూ ఉండేది. నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గని వచ్చాక మా అమ్మమ్మ ఊరు గుంతలోకి పోయింది. ఇప్పుడు అక్కడ ఇంటి గుర్తుగా చూపించడానికి గట్టు కూడా లేదు.

ఇంకో తేదీ చెప్పి ఈ సంగతి ఆపుతాను. "కోల్ మైనర్స్ డాటర్" పాట 1970 డిసెంబర్‌లో కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అదే నెల 30న, అదే కెంటకీలో, హైడెన్ ఊరి దగ్గర హరికేన్ క్రీక్ గనిలో పేలుడు జరిగి 38 మంది చనిపోయారు. గనుల భద్రత చట్టం వచ్చి సరిగ్గా ఏడాది. రేడియోలో తండ్రిని తలుచుకుని గర్వంగా పాడే బొగ్గు కార్మికుడి కూతురు, గని ముందు శవాల కోసం నిలబడ్డ బొగ్గు కార్మికుల కూతుళ్ళు, ఒకే నెల. ఆ కుటుంబాల కోసం లొరెట్టా లూయీవిల్‌లో కచేరీ పెట్టింది. సినిమాలో ఇది లేదు. ఇది చెప్పినప్పుడు బాపు చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ముప్ఫై ఎనిమిది" అన్నాడు, అంతే.

ప్యాట్సీ క్లైన్ భాగం గురించి రాయకపోతే నాకే బాగుండదు. అప్పటికే పెద్ద కంట్రీ స్టార్ ఆమె. 1961లో కారు ప్రమాదమై ఆస్పత్రిలో ఉంటే, లొరెట్టా రేడియోలో ఆమె పాట ఆమెకే అంకితం చేసి పాడింది. అది విని ప్యాట్సీ పిలిపించుకుంది. ఆ తర్వాత బట్టలు ఎలా కట్టుకోవాలో, డబ్బు ఎలా అడగాలో, మొగుడికి ఎక్కడ అడ్డు చెప్పాలో ఆమె దగ్గర నేర్చుకుంది లొరెట్టా. రెండేళ్ళు కూడా గడవలేదు, 1963 మార్చి 5న విమాన ప్రమాదంలో ప్యాట్సీ పోయింది, ముప్ఫై ఏళ్ళకే. తర్వాతి ఏడాది పుట్టిన కవలల్లో ఒకరికి లొరెట్టా ఆమె పేరే పెట్టింది. బెవర్లీ డాంజెలో ప్యాట్సీగా వేసి, తనే పాడింది కూడా. ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుకుంటూ కూర్చున్న ఆ కొద్ది సీన్లలో సినిమా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది, గిటారు కొనిచ్చిన మనిషి కాసేపు పక్కకి జరుగుతాడు కాబట్టి. నన్నడిగితే సినిమా మొత్తం అక్కడి నుంచి తీయొచ్చు.

సినిమా అయిపోయాక బాపు పడుకున్నాడు. అమ్మ గిన్నెలు సర్దుతుంటే ఫోన్‌లో సినిమాలో లేని ఒక పాట పెట్టాను, "ద పిల్". ఏడాదికో పిల్లని కంటూ ఇంట్లో పడి ఉన్న భార్య, ఇక నా దగ్గర మాత్ర ఉంది, ఇన్నాళ్ళు నువ్వు తిరిగావు, ఇప్పుడు నా వంతు అని మొగుడికి చెప్పే పాట. ఈ పాట మాత్రం వేరేవాళ్ళు రాసింది, పాడే దమ్ము ఈమెది. 1972లో రికార్డు చేస్తే కంపెనీ భయపడి 1975 దాకా బయటికి వదల్లేదు, వదిలాక చాలా రేడియో స్టేషన్లు వేసేది లేదని చెప్పేశాయి, అయినా జాబితాలో ఐదో స్థానం దాకా వెళ్ళింది. దీని బదులు సినిమాలో పెట్టింది "వన్స్ ఆన్ ద వే", పిల్లల మధ్య నలిగిపోతూ మళ్ళీ కడుపుతో ఉన్న ఇల్లాలి పాట. బాగుంటుంది, నవ్వొస్తుంది, రాసింది షెల్ సిల్వర్‌స్టీన్ అనే మగాయన. అలసిపోయిన ఇల్లాలు సినిమాకి పనికొచ్చింది, మాత్ర వేసుకున్న ఇల్లాలు పనికిరాలేదు.

ఒక్కో ముక్కా తెలుగులో చెబుతుంటే అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. రెండోసారి నవ్వలేదు.

"ఎంతమంది పిల్లలు ఈమెకు?"

"ఆరుగురు. ఆఖరికి కవలలు."

"ఆళ్ళు ఎప్పుడు పుట్టిన్రు?"

"1964ల."

"గా పాట?"

"1975ల వచ్చింది."

అమ్మ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "గంటే పాట వచ్చేయాల్లకు ఆమెకు మాత్రతోని పనే లేకపాయె" అంది, గ్యాస్ సిలిండర్ కట్టేసింది, వంటింట్లో లైటు ఆర్పింది.